మాస్టారితో తైపే వర్డ్‌క్యాంప్

వర్డ్‌క్యాంప్ అంటే, బ్లాగులూ వెబ్‌సైట్లూ కట్టుకునే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ తాలూకు జనం కలిసే సదస్సు. దానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నాలాంటివాళ్లే. ఎవరెవరికో వెబ్‌సైట్లు కట్టి బతికేవాళ్లు, వాటికి అదనపు సదుపాయాలిచ్చే ప్లగిన్లు రాసి అమ్ముకునేవాళ్లు, హోస్టింగ్ కంపెనీల ఉద్యోగులు. డెబ్బైకి దగ్గరపడ్డ రిటైర్డ్ తెలుగు లెక్చరర్లు మామూలుగా కనిపించరు. ఈసారి ఒకరు కనిపించారు, ఆయన్ను వెంటబెట్టుకెళ్లింది నేనే. కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు ఆయన నాకు ఛందస్సు చెప్పారు. పదవీ విరమణ తర్వాత బ్లాగు మొదలుపెట్టి, పద్యాల మీదా గోదావరి జిల్లాల తిండి మీదా టపాలు రాస్తున్నారు. బ్లాగుకు జ్వరం వచ్చినప్పుడల్లా హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోను చేస్తారు. "ఈ వర్డ్‌ప్రెస్‌ను చేసేవాళ్లు ఒకచోట చేరతారటగా, వాళ్ల మొహాలు చూడాలమ్మా" అన్నారు. అలా బయలుదేరాం.

తెలియనివారికి రెండు మాటలు. మొదటి వర్డ్‌క్యాంప్ 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. ఆసియా మొత్తానికి ఒకటి పెట్టాలని 2020 ఫిబ్రవరిలో బ్యాంకాక్‌లో అంతా సిద్ధం చేశాక కరోనా వచ్చి ఆగిపోయింది. చివరికి 2023లో అదే బ్యాంకాక్‌లో జరిగింది. రెండోది 2024 మార్చి 7, 8, 9 తేదీల్లో తైపేలో. నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలు. వక్తలకు పారితోషికం ఉండదు.

మార్చి 6, బుధవారం: భూగర్భంలో

తైపే మెయిన్ స్టేషన్ కింద ఇంకో ఊరుంది. మెట్రో, మామూలు రైళ్లు, హైస్పీడ్ రైలు, విమానాశ్రయం రైలు అన్నీ అక్కడే కలుస్తాయి. వాటి మధ్య బజార్లు. బయటికొచ్చే ద్వారాలకు అక్షరాలూ అంకెలూ కలిపి పేర్లు పెట్టారు. మేము 'వై' వరస ద్వారం దగ్గర తేలాలి. బొమ్మల దుకాణాలూ బట్టల కొట్లూ దాటి నడిచి నడిచి 'ఎం' వరసలో తేలాం. మాస్టారు పెట్టె మీద కూర్చుని "నువ్వు వెతుకు, నేను ఇక్కడ స్థాణువునై ఉంటాను" అన్నారు.

కూరగాయల సంచిబండి లాక్కుంటూ పోతున్న ఒక పెద్దావిడ ఆగి నా ఫోనులో మ్యాపు చూసింది. మాకు ఉమ్మడి భాష లేదు. బండిని వెనక్కి తిప్పి, రమ్మని చెయ్యి ఊపి, పది నిమిషాలు మాతో నడిచి సరైన మెట్ల దగ్గర వదిలింది. మాస్టారు నమస్కారం పెట్టేలోపే వెళ్లిపోయింది. ఆ తర్వాత ప్రతిరోజూ ఇలాంటివారు ఒకరైనా తగిలారు.

మెట్రో మర్యాదలు కొన్ని మొదటి గంటలోనే నేర్చుకున్నాం. ఎస్కలేటర్ మీద అందరూ కుడివైపే నిలబడతారు. మాస్టారు ఎడమవైపు పెట్టెతో నిలబడితే వెనక వరస కట్టారు తప్ప తప్పుకోమని ఒక్కరూ అనలేదు. బండిలో ఏమీ తినకూడదు, తాగకూడదు. మంచినీళ్లు కూడా. జరిమానా 1,500 తైవాన్ డాలర్ల నుంచి మొదలవుతుంది. వాళ్ల డాలరు అప్పట్లో మనకు సుమారు రెండు రూపాయల అరవై పైసలు. లెక్క వేసుకున్న మాస్టారు బీపీ మాత్రను జేబులో తిరిగి పెట్టేసుకున్నారు. ప్రయాణాలకు వాడే ఈజీకార్డ్ ధర 100 డాలర్లు, అందులో వేసుకునే డబ్బు వేరే. కనీస టికెట్టు 20.

మాస్టారు శాకాహారి. దానికి భయపడ్డాం గానీ, తైపే ఆ విషయంలో ఉదారంగా ఉంది. బౌద్ధ శాకాహార భోజనశాలల బోర్డుల మీద స్వస్తిక గుర్తు ఉంటుంది. మా బస వెనక సందులో ఒకటి దొరికింది. పళ్లెం తీసుకుని కావలసినవి వడ్డించుకుంటే తూకం వేసి డబ్బు చెబుతారు. ఆయన పళ్లానికి 120, నా పళ్లానికి 165. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. "ఇది కార్తీకమాసం భోజనం" అని ఆయన మురిసిపోయారు, సోయాతో చేపలా మలిచిన ముక్క కనబడేదాకా. చర్మం స్థానంలో నల్లటి సముద్రపు నాచు కూడా అతికించారు. ఆయన దాన్ని తాకలేదు. కొట్టు యజమానురాలు లోపలికి వెళ్లి పొట్లం తెచ్చి, దాని మీది గుర్తు చూపించి, నవ్వింది. అప్పటికీ తాకలేదు. నేను తిన్నాను, బాగుంది.

రసీదు పారేయబోతే ఆవిడ నా చేతిలో పెట్టి వేళ్లు మూసింది. ఇక్కడ ప్రతి కొనుగోలు రసీదు మీదా ఒక లాటరీ సంఖ్య ఉంటుంది. రెండు నెలల రసీదులకు కలిపి డ్రా తీస్తారు. అన్నిటికంటే పెద్ద బహుమతి కోటి డాలర్లు. దుకాణదారు చేత బిల్లు ఇప్పించడానికి ప్రభుత్వం కొనుగోలుదారుకే ఆశ పెట్టిందన్నమాట. ఈ ఉపాయం నాకు భలే నచ్చింది. అప్పటినుంచి మాస్టారు రసీదులను పద్యాల పుస్తకంలో దాచడం మొదలుపెట్టారు.

మార్చి 7, గురువారం: కాజా పుట్టుపూర్వ

సదస్సు జరిగిన అంతర్జాతీయ సమావేశ కేంద్రం తైపే 101 భవనం పక్కనే. తలెత్తితే 508 మీటర్లు. మాస్టారు ఒకసారి చూసి మెడ పట్టేస్తుందని మళ్లీ చూడలేదు.

మొదటి రోజు ప్రసంగాలుండవు. దాన్ని కాంట్రిబ్యూటర్ డే అంటారు. పెద్ద హాల్లో గుండ్రటి బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక్కో జట్టు పేరు: ప్రధాన కోడ్, డాక్యుమెంటేషన్, అనువాదం, టెస్టింగ్, ఫొటోలు, శిక్షణ. ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంటే పని ఇస్తారు. తెలుగువాళ్లం కాబట్టి అనువాదం బల్ల దగ్గరికి పోతామని అందరూ అనుకున్నారు. మాస్టారు ఒప్పుకోలేదు. "నాకు ఫిర్యాదు ఉంది. ఫిర్యాదులు ఎవరు వింటారు?" అన్నారు. కోడ్ బల్ల చూపించారు.

ఆయన ఫిర్యాదు ఇది. "కాకినాడ కాజా పుట్టుపూర్వోత్తరాలు" అని ఒక టపా రాశారు. ప్రచురించాక దాని చిరునామాలో "కాకినాడ-కాజా-పుట్టుపూర్వ" అని మాత్రమే వచ్చింది. "నా కాజాకు పూర్వం మిగిలింది, ఉత్తరం పోయింది" అని ఏడాదిగా నాతో అంటున్నారు.

కారణం నాకు తెలుసు, అయినా ఆ బల్ల దగ్గర విన్నప్పుడే పూర్తిగా అర్థమైంది. వర్డ్‌ప్రెస్ టపా చిరునామాను, అంటే స్లగ్‌ను, డేటాబేస్‌లో 200 అక్షరాల గదిలో దాస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఆ గదిలో ఒక్క చోటే తీసుకుంటుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం మూడు బైట్లు. చిరునామా కోసం ఒక్కో బైటును శాతం గుర్తు, రెండు అంకెలుగా మారుస్తారు. అంటే ఒక్కో దానికి తొమ్మిది చోట్లు. 200ను తొమ్మిదితో భాగిస్తే ఇరవై రెండు. అందులోనూ మనం ఒక్క అక్షరం అనుకునేది కంప్యూటర్‌కు ఒకటి కాదు. 'స్త్రీ' అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు. ఒక్క 'స్త్రీ' యాభై నాలుగు చోట్లు ఆక్రమిస్తుంది. మాస్టారు వేళ్ల మీద గురులఘువులు లెక్కపెట్టినట్టే కాజా టపా శీర్షికను లెక్కపెట్టారు. ఇరవై రెండో అక్షరం 'వ' దగ్గర ఆగింది. పక్కనున్న ఓత్వానికి చోటు లేదు.

ఆ బల్లకు పెద్దగా జపాన్ నుంచి వచ్చిన ఒక డెవలపర్ ఉన్నాడు, నలభై ఏళ్లుంటాయి. వాళ్ల అక్షరాలకూ మూడు బైట్లే. కానీ ఇరవై రెండు అక్షరాల్లో జపనీస్‌లో ఒక శీర్షిక దాదాపు పూర్తయిపోతుంది, అందుకే వాళ్లకు ఈ బాధ అంతగా తెలియదని ఒప్పుకున్నాడు. మరి 200ను 400 చేస్తే పోలేదా? ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆ గది మీద వెతుకులాటకు ఒక సూచిక ఉంది. 2015లో వర్డ్‌ప్రెస్ 4.2 కూర్పు (వెర్షన్) నుంచి డేటాబేస్‌లో అక్షరానికి నాలుగు బైట్ల దాకా కేటాయించడం మొదలుపెట్టాక, పాత డేటాబేస్‌లలో సూచికకు ఉన్న 767 బైట్ల పరిమితి వల్ల దాన్ని 191 అక్షరాలకు కుదించారు. ఇప్పుడు గదిని పెంచాలంటే లోకంలో ఉన్న కోట్ల సైట్ల పట్టికలను అప్‌గ్రేడ్ సమయంలో మార్చాలి. చవక సర్వర్ల మీద నడిచే పెద్ద సైట్లు ఆ మార్పు మధ్యలో పడిపోతే ఎవరు లేపాలి? ఈ లోపం మీద నమోదైన ఫిర్యాదు, వాళ్ల భాషలో టికెట్, అప్పటికి పదేళ్లు దాటి తెరిచే ఉందట.

"పదేళ్లా!" అన్నారు మాస్టారు. కోపం రాలేదు. తన బాధకు అప్పటికే ఒక నంబరు ఉందని తెలిసి ఆయనకు కొంత గౌరవం దక్కినట్టయింది.

నాకు ఆ రోజు దక్కిన కొత్త విద్య ప్లేగ్రౌండ్‌ను సరిగా వాడటం. ఇదివరకు ఒక లోపాన్ని చూపించాలంటే మన కంప్యూటర్‌లో సర్వర్, వర్డ్‌ప్రెస్‌ను రాసిన భాష పీహెచ్‌పీ, డేటాబేస్ అన్నీ పెట్టుకోవాలి. ఎదుటివాళ్లూ పెట్టుకోవాలి. "నా దగ్గర బాగానే పనిచేస్తోంది" అనే జవాబు అక్కడే పుడుతుంది. ప్లేగ్రౌండ్‌లో పీహెచ్‌పీని బ్రౌజర్‌కు అర్థమయ్యే వెబ్‌అసెంబ్లీగా మార్చి బ్రౌజర్‌లోనే నడుపుతారు, డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్ ఉంటుంది. లింకు నొక్కితే కాసేపట్లో మొత్తం వర్డ్‌ప్రెస్ తెరుచుకుంటుంది, ట్యాబు మూస్తే పోతుంది. బ్లూప్రింట్ అనే చిన్న జేసన్ ఫైలులో ఏ కూర్పు, ఏ థీము (సైటు రూపం), ఏ టపా కావాలో రాసిపెడితే ఎవరు తెరిచినా అదే కనిపిస్తుంది. కాజా టపాకు అలాంటి బ్లూప్రింట్ రాశాం. ఆ 200 కోత డేటాబేస్‌లోకి వెళ్లకముందే పీహెచ్‌పీ కోడ్‌లోనే పడుతుంది కాబట్టి ఎస్‌క్యూలైట్ మీదా లోపం యథాతథంగా కనిపించింది. జపాన్ ఆయన తన తెర మీద "పుట్టుపూర్వ" అని చూసి, చదవలేకపోయినా, తల ఊపాడు.

మాస్టారు సంచిలోంచి డబ్బా తీశారు. కాకినాడ గొట్టం కాజాలు. అతను రెండు చేతులతో అందుకుని మర్యాదగా మధ్యలో కొరికాడు. లోపలి పాకం చివ్వున చిమ్మి చొక్కా మీదా స్పేస్‌బార్ మీదా పడింది. బల్ల మొత్తం లేచి టిష్యూ కాగితాలు వెతికింది. మిగతావాళ్లకు మాస్టారు కాజా తినే పద్ధతి నేర్పారు: ఒక కొస కొరికి, ముందు పాకం పీల్చి, తర్వాత పెంకు. సాయంత్రానికి పక్క బల్లలవాళ్లు కూడా మా దగ్గర లోపాలేమైనా ఉన్నాయా అని అడగడానికి వచ్చారు.

బసకు తిరిగొస్తుంటే సందులోకి పియానో బాణీ వాయిస్తూ ఒక పసుపుపచ్చ లారీ వచ్చింది. ఐస్‌క్రీం బండి అనుకున్నాను. చెత్త బండి. ఇళ్లలోంచి జనం నీలం సంచులతో వచ్చి తామే వేసి పోయారు. ఆ సంచులు డబ్బిచ్చి కొనుక్కోవాలి, ఆ ధరలోనే చెత్త రుసుము ఉంటుంది. వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు లేవు. అయినా కాగితం ముక్క కనబడదు.

మార్చి 8, శుక్రవారం: ఏ ఊరి అర్ధరాత్రి?

మహాశివరాత్రి. మాస్టారు ఉపవాసం. సమావేశ కేంద్రంలో కాఫీ, తినుబండారాల బల్లల మధ్య ఆయన నిబ్బరంగా తిరిగారు. పళ్లు తినవచ్చు కనుక పొద్దున్నే పళ్ల కొట్టుకు వెళ్లాం. మార్చిలో సీతాఫలం! అనాసతో ఏ సంబంధమూ లేకపోయినా అక్కడివారు అనాస సీతాఫలం అనే సంకరజాతి అది. గింజలు తక్కువ, చిరుపులుపు. ఒక్కటి 130 డాలర్లు. "మూడు వందల నలభై రూపాయల సీతాఫలం శివుడు కూడా తిని ఉండడు" అంటూనే మొత్తం తిన్నారు. గులాబిజామకాయలు నాకు.

ప్రసంగాల గురించి ఎక్కువ రాయను. వాటి వీడియోలు వస్తాయి, ఇంట్లో కూర్చుని చూడవచ్చు. కృత్రిమ మేధ పేరు వినబడని గది లేదు, అది మాత్రం విసుగు పుట్టించింది. ఉపయోగపడింది అప్పటికింకా రాని 6.5 కూర్పులోని ఫాంట్ లైబ్రరీ. ఇది తెలుగువాళ్లకు పెద్ద విషయం. అప్పుడున్న ట్వెంటీ ట్వెంటీఫోర్ థీములో శీర్షికలకు కార్డో, మిగతా పాఠానికి ఇంటర్ ఫాంట్లు ఇచ్చారు. రెండింటిలోనూ తెలుగు లేదు. అందుకని చూసేవాడి యంత్రంలో ఏది ఉంటే అది వస్తుంది: విండోస్‌లో నిర్మలా, ఆండ్రాయిడ్‌లో నోటో, యాపిల్‌లో కోహినూర్. ఒకే టపా మూడు ముఖాలతో కనబడుతుంది. ఇకనుంచి మండలి, రామభద్ర, సూరన్న లాంటి గూగుల్ ఫాంట్లను డాష్‌బోర్డ్ నుంచే ఎంచుకుంటే ఫైలు మన సర్వర్‌లోకే దిగుతుంది. నా ఖాతాదారుల్లో సగం మంది దీనికోసమే నాకు డబ్బిస్తున్నారు, ఇక ఇవ్వకపోవచ్చు.

రాత్రి జాగరం ఎక్కడ? హోటల్ గదిలో కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. సాంగ్‌షాన్ సాంస్కృతిక ఉద్యానంలో ఎస్లైట్ పుస్తకాల దుకాణం రాత్రంతా తెరిచి ఉంటుందని విని అక్కడికి నడిచాం. ఆ ఆవరణ ఒకప్పుడు జపాన్ పాలనలో కట్టిన పొగాకు కర్మాగారం. మా అమ్మమ్మగారిది గుంటూరు జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల ఊరు. ఇంత నున్నగా, వాసన లేకుండా పొగాకు జ్ఞాపకాన్ని ఉంచడం నాకు కాస్త అన్యాయంగానే తోచింది.

దుకాణంలో అరుగుల మీదా నేలమీదా కూర్చుని కుర్రాళ్లు పుస్తకాలు చదువుకుంటున్నారు. కొనమని ఎవరూ అడగరు. మాస్టారు ఒక మూల కూర్చుని నమకం మెల్లగా చదువుకుంటూ హఠాత్తుగా ఆగారు. "అమ్మా, లింగోద్భవ కాలం తైపే అర్ధరాత్రికా, కాకినాడ అర్ధరాత్రికా?" రెండింటికీ రెండున్నర గంటల తేడా. బ్లాగు సెట్టింగుల్లో టైమ్‌జోన్ ఏది పెట్టారని అడిగాను. "కాకినాడదే" అన్నారు. అయితే అదే అని తేల్చాం. తైపే గడియారంలో రెండున్నరకు ఇంటికి ఫోను చేశారు. అమ్మగారు గుళ్లో ఉన్నారు, వెనక అభిషేకం మంత్రాలు వినబడ్డాయి. మెట్రో ఎప్పుడో ఆగిపోయింది. తెల్లవారుజామున టాక్సీకి 230 అయింది.

మార్చి 9, శనివారం

నిద్రలేని మొహాలతో ఆఖరి రోజు. వాపూ స్టిక్కర్లు పోగుచేశాం. వాపూ అంటే వర్డ్‌ప్రెస్ గుర్తున్న బంతిని పట్టుకునే పసుపు జంతువు. 2011లో జపాన్‌లో గీశారు. బొమ్మకు కూడా జీపీఎల్ లైసెన్సు ఇవ్వడంతో ప్రతి ఊరూ తన వేషం వేసి వాడుకుంటుంది. "మన దగ్గర అయితే తలకు పంచె చుట్టి చేతిలో కాజా పెట్టాలి" అన్నారు మాస్టారు. ఇంటికెళ్లి మనవరాలి చేత గీయిస్తారట.

ముగింపు వర్డ్‌ప్రెస్ సహ వ్యవస్థాపకుడు మ్యాట్ ములెన్‌వెగ్ ప్రశ్నోత్తరాలు. మైకు ముందు పొడుగాటి వరస. మాస్టారు కూడా నిలబడ్డారు, 200 సంగతి అడగడానికి. మాస్టారి వంతు రాకముందే సమయం అయిపోయింది. మరుసటి ఏడాది ఆసియా వర్డ్‌క్యాంప్ మనీలాలో అని ప్రకటించారు. మాస్టారు వెంటనే నాతో "మనీలాలో శాకాహారం దొరుకుతుందా?" అన్నారు.

రాత్రి రావోహె వీధి బజారు. మట్టి పొయ్యి లోపలి గోడలకు అతికించి కాల్చే మిరియాల బన్ను, లోపల పంది మాంసం, 60 డాలర్లు. నాలుక కాలింది, ఇంకోటి కొన్నాను. మాస్టారికి ఆలుబుఖరా పొడి చల్లిన జామముక్కలు. పులియబెట్టిన టోఫు వేయించే బండి పక్కనుంచి వెళ్లేటప్పుడు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగెత్తారు. అంత వేగం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 10, ఆదివారం: లోంగ్‌షాన్ గుడి

1738లో కట్టిన గుడి. ప్రధాన దైవం గ్వాన్‌యిన్, అంటే మన అవలోకితేశ్వరుడే తూర్పుకు వెళ్లి అమ్మవారైన రూపం. 2020 నుంచి ఇక్కడ అగరువత్తులు వెలిగించరు, చేతులు జోడిస్తే చాలు. భక్తులు ఎర్రటి చెక్క నెలవంకలు రెండు పట్టుకుని, ప్రశ్న అడిగి, నేలకు వేస్తారు. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అవును. రెండూ ఉబ్బెత్తు వైపు పైకి ఉంటే కాదు. రెండూ చదును వైపు పైకి ఉంటే దేవత నవ్వుతోందని అర్థం, ప్రశ్న సరిగా లేదని. ఒక కాలేజీ అమ్మాయి మాస్టారికి పద్ధతి చూపించింది. ఆయన ఏమి అడిగారో నాకు తెలుసు. రెండూ చదును వైపు పైకి పడ్డాయి. అమ్మాయి పకపకా నవ్వి, ప్రశ్న మార్చి అడగమంది.

"ఎన్నేళ్లలో అని అడగాలేమో" అని గొణుక్కుని ఆయన చెక్కలు తిరిగిచ్చేశారు. పద్యాల పుస్తకంలోని రసీదులను దానం పెట్టెలో వేయమని నేను చెప్పినా వినలేదు. మార్చి, ఏప్రిల్ రసీదుల డ్రా మే 25న. ఆ రోజు నేను సంఖ్యలు సరిచూడాలట.

ఇంటికొచ్చాక

కాజా బ్లూప్రింట్ లింకు, తెర చిత్రాలు ఆ పాత టికెట్ కింద పెట్టాను. ఒకాయన అప్పుడే జవాబిచ్చాడు: తమిళం, మలయాళం, హిందీ శీర్షికలతో కూడా ఉదాహరణలు ఉంటే మంచిదట. ఈలోగా పొడుగు శీర్షికలకు స్లగ్ చేత్తో పొట్టిగా రాసుకోవడమే దారి. మాస్టారికి అది ఇష్టం లేదు. ఇరవై రెండు అక్షరాల్లో ఇమిడే శీర్షికలు కట్టడం కొత్త ఛందోనియమం అనుకుని, ద్విత్వాలూ సంయుక్తాలూ లేని పదాలు ఏరుతున్నారు. 'మడత కాజా కథ' మొన్న పెట్టారు. తొమ్మిది అక్షరాలే, రెండు ఖాళీలు. నిన్న పొద్దున ఆరింటికి ఫోను చేశారు. తమిళ లెక్చరర్ స్నేహితుడి కోసం బ్లూప్రింట్ తానే రాస్తున్నారట, ఎర్రగీత వస్తోందట. చివరి వరస తర్వాత ఉండకూడని కామా ఉందేమో చూడమన్నాను. ఉంది. "తీసేస్తే వాక్యం అసమాపకం అయిపోదూ?" అన్నారు.